మన ఊరి హోటళ్ళు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, "పావుగంట మాట్లాడాలండి, విషయం మీ ఇష్టం" అన్నారు. అని, ఒక్క క్షణం ఆగి, "అందరికీ అర్థమయ్యేది అయితే మంచిది" అని కలిపారు. ముప్ఫై అయిదేళ్ళుగా బాయిలర్ల మధ్య బతుకుతున్నవాణ్ణి, ఎక్కడ ఆవిరి పీడనం గురించి మొదలుపెడతానోనని ఆయన భయం. భయపడక్కర్లేదండి. ఆవిరి వస్తుంది గానీ, ఇడ్లీ పాత్రలోంచి వస్తుంది.

మన బడిలో చదివిన ఇద్దరు ఎక్కడ కలిసినా సరే, మొదటి అయిదు నిమిషాలు మాస్టార్ల దెబ్బల గురించి మాట్లాడుకుంటారు. ఆరో నిమిషంలో హోటళ్ళు వచ్చేస్తాయి. ఒకసారి మస్కట్‌లో మన బడి వాడు ఒకాయన తగిలాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. పేరు చెప్పుకోకముందే అడిగిన ప్రశ్న: "ఏమండీ, సుబ్బయ్య హోటల్లో ఇంకా వద్దంటున్నా వేస్తున్నారా?" అందుకని ఇవాళ హోటళ్ళ గురించే మాట్లాడతాను. కాకినాడ హోటళ్ళ గురించి. నేను చెప్పబోయే దాంట్లో ఒక సంగతి నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది. అది చివరకు వస్తుంది. ముందు కడుపు సంగతి చూద్దాం.

నేను ఆరో తరగతిలో చేరింది 1979లో. అప్పట్లో హోటలుకు వెళ్ళడం అంటే ఇంట్లో అదో చిన్న తప్పు. "ఇంట్లో పొయ్యి వెలగలేదా?" అనేది మా అమ్మ. హోటలు తిండి తినేవాళ్ళు మూడు రకాలని ఆవిడ లెక్క: పెళ్ళికాని వాళ్ళు, కోర్టు పని మీద వచ్చినవాళ్ళు, చెడిపోయిన వాళ్ళు. మా నాన్న ఈ మూడింట్లోనూ లేడు గానీ రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మెయిన్ రోడ్డులో కాఫీ తాగి వచ్చేవాడు. ఆ సంగతి అమ్మకు తెలుసు. తెలుసని నాన్నకు తెలుసు. ఇంటికొచ్చాక అమ్మ మళ్ళీ కాఫీ ఇచ్చేది, ఆయన మళ్ళీ తాగేవాడు.

మా బ్యాచి హోటలు మెయిన్ రోడ్డు పక్క సందులో ఉండేది. ఉడిపి వాళ్ళది. పేరు చెప్పినా ఉపయోగం లేదు, ఇప్పుడది లేదు. ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పాలరాతి పలక వేసిన బల్లలు, గోడకు నిలువెత్తు అద్దాలు, గల్లాపెట్టె పైన దేవుడి పటాలకు మల్లెదండ. ఇడ్లీ అర్ధ రూపాయి, పెసరట్టు ముప్పావలా, ఉప్మా కలిపితే రూపాయి. కాఫీ అర్ధ రూపాయి. నలుగురం కలిసి వెళ్ళి రెండు ఉప్మా పెసరట్లు, రెండు వన్ బై టూ కాఫీలు చెప్పేవాళ్ళం. సర్వరు ఏమీ రాసుకునేవాడు కాదు. ఆరు బల్లల లెక్క బుర్రలో పెట్టుకుని, మనం లేచి వస్తుంటే వెనకనుంచి గల్లాపెట్టె వైపు ఒక కేక వేసేవాడు: "నలుగురు, మూడు!" అంటే నలుగురు మనుషులు, మూడు రూపాయలు. ఒక్కరోజు తప్పు కేక విన్నట్టు గుర్తులేదు. మా లెక్కల మాస్టారు ఒకసారి మాతో అన్నారు, "మీ అందరికీ వచ్చిన మార్కులు కలిపితే ఆ సర్వరుకి వచ్చే మార్కులు రావురా" అని.

ఆ హోటల్లో నేను నేర్చుకున్న మొదటి ఇంజనీరింగు పాఠం పెనం దగ్గర. వంటగదికీ హాలుకీ మధ్య ఒక కిటికీ ఉండేది. దాని పక్క బల్ల దొరికితే అట్లు వేసే ఆయన పని కనిపించేది. ఆయన పెనం మీద చెయ్యి పెట్టి చూసేవాడు కాదు. ఒక చెంబులోంచి నాలుగు చుక్కలు చిలకరించేవాడు. చుక్క చుయ్‌మని అక్కడికక్కడే ఆవిరైతే పిండి పోసేవాడు. చుక్కలు ముత్యాల్లాగా గుండ్రంగా అయ్యి పెనం మీద పరుగెత్తితే, పోసేవాడు కాదు; ఇంకొన్ని నీళ్ళు కొట్టి, చీపురుతో తుడిచి, వేడి దించి, అప్పుడు పోసేవాడు. పెనం మరీ కాగితే నీటి చుక్క కింద సన్నటి ఆవిరి పొర ఏర్పడి, చుక్కకు పెనం తగలకుండా అడ్డుపడుతుంది. అందుకే పరుగెత్తుతుంది. ఇంజనీరింగు రెండో సంవత్సరంలో మాకు దీన్ని లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అని చెప్పారు. జర్మనీ వైద్యుడు ఒకాయన 1756లో దీని గురించి పుస్తకం రాశాడట. మా లెక్చరరు బోర్డు మీద బొమ్మ వేస్తుంటే నాకు పెసరట్టు వాసన వచ్చింది. అంత వేడి పెనం మీద పిండి పోస్తే పరుచుకోదు, ముద్దకట్టి గరిటెతో పాటు లేచి వస్తుంది. పెసరట్టుకి ఇది మరీ ముఖ్యం. దోసె పిండి పులుస్తుంది, కాస్త పొంగి సర్దుకుంటుంది. పెసరపిండిని పులియబెట్టరు; నానబోసి, రుబ్బి, పోసెయ్యడమే. తప్పు చేస్తే కప్పిపుచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

రెండో పాఠం ఇడ్లీ. ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు గుప్తోష్ణం చెబుతూ మమ్మల్ని అడిగారు: "మరిగే నీళ్ళు చేతిమీద పడితే ఎక్కువ కాలుతుందా, ఆవిరి తగిలితే ఎక్కువ కాలుతుందా?" రెండూ 100 డిగ్రీలే కదా, ఒకటే అన్నాం అందరం. "అయితే సాయంత్రం హోటలుకి వెళ్ళి ఇడ్లీ పాత్ర మూత తీసే ఆయన చేతులు చూసి రండి" అన్నారు. వెళ్ళాం. ఆయన ముంజేతులు రెండింటి మీదా తెల్లటి మచ్చలు. మేం అడిగితే నవ్వి, "నీళ్ళు ఒలికితే మంట బాబూ, ఆవిరి కొడితే తోలే" అన్నాడు. మర్నాడు క్లాసులో మాస్టారు లెక్క కట్టి చూపించారు. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడే 540 కెలోరీల వేడి వదిలిపెడుతుంది. ఆ తరవాత మిగిలేది మామూలు వేడినీళ్ళు. నేను ఉద్యోగంలో చేరాక ప్రతి ఏడూ కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు భద్రత మీద క్లాసు చెప్పాల్సి వచ్చేది. ఆ ఇడ్లీ ఆయన చేతులతోనే మొదలుపెట్టేవాణ్ణి. ఆ మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన కాఫీకి డబ్బులు ఎవర్నీ ఇవ్వనిచ్చేవారు కాదని ఇక్కడున్న మా బ్యాచి వాళ్ళందరికీ తెలుసు.

సుబ్బయ్య హోటలు సంగతి చెప్పకుండా దిగితే నన్ను ఇంటికి వెళ్ళనివ్వరు కనుక అదీ చెబుతాను. రామారావుపేటలో ఉన్న ఆ హోటలుకు నేను మొదటిసారి వెళ్ళింది 1990లో, నా మొదటి జీతంతో, అమ్మనీ నాన్ననీ తీసుకుని. అమ్మకు అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి. హోటల్లో భోజనం చెయ్యడం ఆవిడకు అదే మొదలు. అరిటాకు వేశారు. వడ్డన మొదలైంది. పులిహోర, తీపి, వేపుడు, ముద్దపప్పు, ఆవకాయ, కందిపొడి, నెయ్యి, పులుసు. ఆకు మీద ఖాళీ కనబడితే వాళ్ళకు అవమానం అనుకుంటాను. చాలు అని చెయ్యి అడ్డం పెడితే చేతి పక్కనుంచి వేస్తారు. అమ్మ ప్రతిదానికీ ఒక వంక పెట్టింది. పప్పులో పోపు తక్కువ అంది. పులుసులో బెల్లం ఎక్కువ అంది. పులుసు మాత్రం మూడుసార్లు వేయించుకుంది. బయటికొచ్చాక రిక్షా ఎక్కుతూ నాన్నతో మెల్లిగా అంది, "ఇన్నాళ్ళూ నన్నెందుకు తీసుకురాలేదూ?" ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. ఈ సుబ్బయ్య హోటలు ఇప్పుడు హైదరాబాదులోనూ ఉంది, బుట్ట భోజనం అని వెదురుబుట్టలో పెట్టి ఇంటికి పంపిస్తున్నారు. బాగుంటుంది. కానీ బుట్ట మనల్ని బతిమాలదు కదండీ.

ఇక్కడ మన ఆడపడుచులు కొందరు ముసిముసిగా నవ్వుతున్నారు. ఎందుకో నాకు తెలుసు. మేం సందులో హోటల్లో పెసరట్లు తినే రోజుల్లో మీరెవరూ అక్కడ లేరు. హోటలు లోపల ఆకుపచ్చ తెర వేసిన చిన్న గది ఉండేది, పైన 'ఫ్యామిలీ' అని రాసి. ఆ తెర తీసుకుని స్కూలు యూనిఫారంలో ఒక్క అమ్మాయి లోపలికి వెళ్ళడం నేను చూడలేదు. నా క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి, ఇప్పుడు బ్యాంకులో పెద్ద మేనేజరు, మొన్న ఫోనులో చెప్పింది. తను ఒంటరిగా హోటల్లో కూర్చుని కాఫీ తాగింది ముప్ఫై ఏళ్ళు వచ్చాకనట, అదీ వేరే ఊళ్ళో, బదిలీ మీద వెళ్ళినప్పుడు. కాఫీ రుచేమిటో గుర్తులేదు, ఎవరూ చూడలేదన్నదే గుర్తుందిట.

తీపి సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. తాపేశ్వరం వాళ్ళది మడత కాజా, మనది గొట్టం కాజా. కొరికితే లోపలున్న పాకం గడ్డం మీదికి కారాలి. కారకపోతే అది కోటయ్య కాజా కాదు. దీనిమీద చర్చ లేదు. రామచంద్రపురం ఆర్టోస్ సోడా మీద కూడా లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ నలుగురిలో ఒకడు నా మిత్రుడు. వాడి పేరు చెప్పను. చెప్పకూడదన్న షరతు మీదే ఇది చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఏం ఉద్యోగం చేస్తున్నాడో చెబితే మీలో సగం మంది పట్టేస్తారు, కనుక అదీ చెప్పను. కాకినాడకు బస్సులో గంట దూరంలో వాళ్ళ ఊరు. ఇక్కడ సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివేవాడు. నెలకోసారి వాళ్ళ నాన్న వచ్చి రెండు రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళేవాడు. ఆ రెండు రూపాయలతో మిగతా హాస్టలు పిల్లలు సినిమాకి వెళ్ళేవాళ్ళు. వీడు హోటలుకి వచ్చేవాడు. తిండి కోసం కాదని నాకు అప్పుడు తెలియదు. హాస్టల్లో తిండి బాగుండదు, అందుకే అనుకున్నాను.

వాడికో అలవాటు ఉండేది. మేమంతా కిటికీ పక్క బల్ల కోసం కొట్టుకునేవాళ్ళం. వాడికి మాత్రం ముందు బల్ల కావాలి, గల్లాపెట్టె ఎదురుగా, వచ్చేపోయే వాళ్ళందరికీ కనిపించే చోట. సర్వరు మంచినీళ్ళ గ్లాసులు నాలుగు వేళ్ళతో నాలుగూ పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. వాడు తన గ్లాసు ఎత్తి, వెంటనే తాగకుండా, ఒక నిమిషం చూసేవాడు. ఒకరోజు వంటగది వెనక పంపు దగ్గర చేతులు కడుక్కుని వచ్చి నాతో అన్నాడు, "ఒరేయ్, అన్ని గ్లాసులూ ఒకే తొట్లో కడుగుతున్నార్రా." నేను మొహం చిట్లించి, "ఛీ, అవునా! ఇంక మంచినీళ్ళు తాగకూడదు" అన్నాను. వాడు నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. శుభ్రత గురించి జోకు వేశాననుకుని నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి మా అమ్మకు కూడా చెప్పాను, హోటళ్ళలో గ్లాసులు ఎలా కడుగుతారో. ఆవిడ వాదనకు బలం దొరికింది.

1983 సంక్రాంతికి, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, వాళ్ళ ఊరు తీసుకెళ్ళమని వాడి వెంటపడ్డాను. కోడిపందేలు చూడాలని నా సరదా. వాడు రెండు మూడు సార్లు దాటేశాడు. చివరికి సరే అన్నాడు. కాలవ గట్టు మీద బస్సు దిగాం. దిగగానే ఎదురుగా టీ కొట్టు, తాటాకుల పాక. పొద్దున్నే చలిగా ఉంది. నేను, "టీ తాగుదాం, నేనిప్పిస్తా" అన్నాను. వాడు, "ఇంటికెళ్ళి తాగుదాం పద" అన్నాడు. నేను వినలేదు. జేబులో పండగ డబ్బులున్నాయి మరి. వెళ్ళి దర్జాగా "రెండు టీలు" అన్నాను.

కొట్టు ఆయన నన్ను చూశాడు, వాణ్ణి చూశాడు. నాకు గాజు గ్లాసులో పోసి చేతికిచ్చాడు. మరో గ్లాసు తియ్యలేదు. నా మిత్రుడు ఏమీ మాట్లాడకుండా పాక పక్కకి వెళ్ళాడు. అక్కడ చూరులో దోపి రెండు మూడు గ్లాసులున్నాయి. ఒకటి తీసి, కుండలో నీళ్ళు ఒంపుకుని కడిగి, తెచ్చి, వంగి పట్టుకున్నాడు. ఆయన పైనుంచి, గ్లాసు తగలకుండా పోశాడు. వాడు పాక బయట నిలబడి తాగాడు. తాగి, మళ్ళీ తనే కడిగి, చూరులో దోపాడు. అంతా చేయి తిరిగినవాడి పనిలాగా, ఒక్క నిమిషంలో అయిపోయింది.

నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను. నా చేతిలో గ్లాసు ఉంది. నేను తాగుతూనే ఉన్నాను.

ఒకే తొట్లో కడుగుతున్నార్రా అని వాడు ఎందుకు నవ్వాడో నాకు అప్పుడు తెలిసింది.

మిత్రులారా, మన రాజ్యాంగంలో హోటలు అనే మాట ఉంది. సోషలు మాస్టారు మా చేత 15వ అధికరణం బట్టీ పట్టించారు. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలోకి రానివ్వకుండా కులం పేరుతో, మతం పేరుతో ఎవర్నీ ఆపకూడదని అందులో రెండో భాగం చెబుతుంది. 17వది అంటరానితనాన్నే రద్దు చేసింది. 1950 జనవరి 26 నుంచి అమలు. పాటించని వాళ్ళకు శిక్ష వేసే చట్టం 1955లో వచ్చింది. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు అయిదుకు అయిదు మార్కులు వచ్చాయి. ఆ ప్రశ్న రాసింది సంక్రాంతి తరవాత, ఏప్రిల్లో. రాస్తున్నప్పుడు ఆ పాక నాకు గుర్తుకు రాలేదంటే మీరు నమ్ముతారా? నిజంగా రాలేదు. పుస్తకంలో హోటలు వేరు, కాలవ గట్టు మీది టీ కొట్టు వేరు అన్నట్టుండేది నా బుర్ర.

మన పట్నం హోటళ్ళు పుణ్యక్షేత్రాలని నేను చెప్పడం లేదు. మా తాతగారి చిన్నప్పుడు కాఫీ హోటళ్ళలో కొన్నిట్లో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేదని ఆయనే చెప్పేవారు. మద్రాసు రాష్ట్రం అంతటా అలాంటి బోర్డులు ఉండేవి. వాటిని తీయించడానికి జనం గొడవలు చెయ్యాల్సి వచ్చింది. కొన్నిచోట్ల వ్యాపారమే తీయించింది. వచ్చినవాడు ఎవరో ఏమిటో అడుగుతూ కూర్చుంటే, ఆరు బల్లల హోటల్లో పొద్దుటి రద్దీ తెమలదు. సందులో మా హోటలు వాళ్ళు ఏ ఉద్దేశంతో అందర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టారో నాకు తెలియదు. ఎవరూ అడగలేదు, అంతే. అర్ధ రూపాయి ఇచ్చినవాడికి కాఫీ ఇచ్చారు. ఆ 'అడగకపోవడం' కోసమే నా మిత్రుడు నెలకు రెండు రూపాయలు ఖర్చు పెట్టేవాడు.

ఆ సంక్రాంతి రోజు వాళ్ళింట్లో భోజనం చేశాను. పెంకుటిల్లు కాదు, తాటాకిల్లే. అలికి ముగ్గులు పెట్టి అద్దంలా ఉంది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో తింటారా బాబూ?" అని అడిగింది. తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి 'తింటారా' అని అడిగింది. తిన్నాను. కోడికూర, గారెలు. అంత మంచి గారె నేను మళ్ళీ తినలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక గిన్నె కట్టి ఇవ్వబోయింది. "వద్దండి, బస్సులో ఒలికిపోతుంది" అన్నాను. ఒలికిపోయేది కాదండీ, గారెలే.

పండగ వెళ్ళాక వాడు మామూలుగానే బడికి వచ్చాడు. మామూలుగానే హోటలుకి వచ్చాడు, ముందు బల్ల మీదే కూర్చున్నాడు. నేనే మాట్లాడలేకపోయాను. ఏమని మాట్లాడాలి? పదో తరగతి అయ్యింది, ఇంటరు అయ్యింది, నేను ఇక్కడే ఇంజనీరింగులో చేరాను, వాడు వేరే ఊరు వెళ్ళాడు. ఉత్తరాలు రాసుకున్నాం. నా పెళ్ళికి వచ్చాడు, వాడి పెళ్ళికి వెళ్ళాను. మా పిల్లలు వాణ్ణి పెదనాన్నా అంటారు. ఇన్నేళ్ళలో ఆ టీ సంగతి మా మధ్య ఒక్కసారి రాలేదు.

పోయిన డిసెంబరులో ఇద్దరం కాకినాడలో కలిశాం. భానుగుడి జంక్షను దగ్గర ఏసీ హోటలు ఒకటి ఉంది, అక్కడ కూర్చున్నాం. ఇప్పుడు అన్నీ అవే కదా. బిర్యానీలు, మండీలు, ఫోను నొక్కితే ఇంటికి తెచ్చే కుర్రాళ్ళు. పెసరట్టు చెప్పాం. మనం తిన్న పెసరట్టు కాదది, దోసెకి ఆకుపచ్చ రంగు వేసినట్టుంది. వాడు అద్దాల్లోంచి రోడ్డు చూస్తున్నాడు. నేను ఉన్నట్టుండి అడిగేశాను. "ఒరేయ్, ఆ రోజు కాలవ గట్టు మీద టీ కొట్టు దగ్గర... నీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు?" అన్నాడు.

"ఆయన మీద నీకు కోపం రాలేదా?"

"ఆయన సంగతి నాకు పుట్టినప్పట్నుంచి తెలుసు కదరా. కొత్తగా రావడానికి ఏముంది?" అన్నాడు. అట్టు ముక్క తుంచి అల్లం పచ్చడిలో అద్దుకుని, తినకుండా ఆగాడు. "తాగి వచ్చాక, నడుస్తున్నప్పుడు, టీ బాగుందా అని నిన్ను అడిగాను. నీకు గుర్తులేదు, కదూ?"

నాకు గుర్తులేదు.

"బాగుంది అన్నావు" అన్నాడు.

అంతే అన్నాడు. తరవాత సర్వరుని పిలిచి రెండు కాఫీలు చెప్పాడు. నేను ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి వాడే, "ఎక్కువ ఆలోచించకు. పద్నాలుగేళ్ళ వెధవవి. మా ఇంట్లో తిన్నావు కదా, మా అమ్మ ఏడాదిపాటు వీధంతా చెప్పుకుంది. 'పట్నం పిల్లాడు, మా ఇంట్లో తిన్నాడు, వాళ్ళమ్మకు చెప్పి మరీ వచ్చాడట' అని" అన్నాడు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

ఈ ప్రసంగంలో హోటళ్ళ గురించి చెబుతాను, టీ సంగతి కూడా చెప్పనా అని వాణ్ణి అడిగినప్పుడు, పేరు లేకుండా చెప్పుకో అన్నాడు. నేను చెప్పిందంతా వాడికి తెలిసినదే. ఒక్కటి తప్ప.

ఆ రోజు రాత్రి నేను ఇంటికి వచ్చేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఉంది. వాళ్ళ ఊరు వెళ్ళానని ఆవిడకు తెలుసు. ఎవరింటికో తెలుసు. "మధ్యాహ్నం ఎక్కడ తిన్నావు?" అని అడిగింది. నేను తడుముకోలేదు. "బస్టాండు దగ్గర హోటల్లో తిన్నానమ్మా" అన్నాను. హోటలు తిండిని అంత అసహ్యించుకునే మా అమ్మ ఆ రోజు, "పోనీలే" అంది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మంది. వెళ్ళి అన్నం తిన్నాను.

వాళ్ళమ్మ వీధంతా ఏం చెప్పుకుందో డిసెంబరులో విన్నప్పుడు కూడా ఈ మాట నా నోట్లోంచి రాలేదు. కాఫీ తాగి, బిల్లు కోసం ఇద్దరం దెబ్బలాడుకుని, బయటికి వచ్చేశాం. వాడు ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు. ఆ సంగతి వాడికి ఇప్పుడే తెలిసింది.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. పావుగంట దాటిపోయింది. కింద వంటవాళ్ళు గుమ్మడికాయ పులుసు పెట్టారని వాసన చెబుతోంది. బఫే కాదట, పంక్తి భోజనమే, అరిటాకులు వేస్తున్నారు. నేను ఏ వరసలోనైనా కూర్చుంటాను. నా పక్కన ఒక ఆకు ఖాళీగా ఉంచమని వడ్డించే వాళ్ళకు చెప్పాను. వాడు వచ్చి కూర్చుంటే ఎవరో మీకందరికీ తెలిసిపోతుంది. కూర్చోవడమా మానడమా అన్నది వాడిష్టం.